మైనస్ 5 అని రాసున్న స్లీపింగ్ బ్యాగ్‌లో చలెందుకు వేస్తుంది?

దీపావళి దాటిందంటే తిరుపతిలో రెండు రకాల ప్రయాణాల మాటలు మొదలవుతాయి. ఒకటి దగ్గరివి: హార్స్‌లీ హిల్స్, తలకోన, నాగలాపురం వైపు ఒకట్రెండు రాత్రులు. రెండోది దూరం: సంవత్సరాంతం సెలవుల్లో ఉత్తరాఖండ్ మంచు ట్రెక్కులు. ఇద్దరికీ వచ్చే సందేహం ఒకటే, ఏ స్లీపింగ్ బ్యాగ్ కొనాలని. ఆన్‌లైన్‌లో వెతికితే 1,000 రూపాయల దాని మీద మైనస్ 5 అని, 12,000 రూపాయల దాని మీద 0 అని కనిపిస్తుంది. తక్కువ డబ్బుకే ఎక్కువ చలి ఆగుతుంటే పన్నెండు వేలు ఎందుకు పెట్టాలి? చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఈ చిక్కు సగం విడిపోతుంది. మిగతా సగం బ్యాగ్ లోపల ఉంది.

బ్యాగ్ వేడి పుట్టించదు, పోనివ్వదు

ఏ బ్యాగూ తనంతట తాను వెచ్చగా ఉండదు. వేడి పుట్టేది మన ఒంట్లో. బ్యాగ్ చేసేదల్లా ఆ వేడి బయటికి పోయే వేగాన్ని తగ్గించడం. ఆ పని చేసేది పైనున్న నైలాన్ గుడ్డ కాదు. లోపల నింపిన ఈకలో, పీచో కూడా నేరుగా కాదు. వాటి సందుల్లో కదలకుండా నిలిచిపోయిన గాలి చేస్తుంది. గాలి కదలకుండా ఉంటే వేడిని చాలా నెమ్మదిగా దాటనిస్తుంది. అందుకే బ్యాగ్ ఎంత ఉబ్బి ఉంటే అంత వెచ్చన. ఈ ఉబ్బునే ట్రెక్కర్లు లాఫ్ట్ అంటారు.

ఎంపికకైనా, సంరక్షణకైనా అసలు సూత్రం ఇదొక్కటే. ఒంటి బరువు కింద నలిగినా, తేమ పట్టినా, చెమట జిడ్డు పేరుకున్నా, నెలల తరబడి చిన్న సంచీలో కుక్కి ఉంచినా పోయేది ఆ ఉబ్బే. బ్యాగ్ మరీ బిగుతైతే మోచేతులు, మోకాళ్లు లోపలి నుంచి నొక్కి దాన్ని తగ్గిస్తాయి. మరీ వదులైతే లోపలి ఖాళీ అంతా మన ఒంటి వేడితోనే నిండాలి, పైగా కదిలినప్పుడల్లా ఆ గాలి బయటికి పోతుంది. మమ్మీ ఆకారం అంటే భుజాల దగ్గర వెడల్పుగా, పాదాల దగ్గర సన్నగా, తలకు టోపీతో వచ్చేది. ఆ ఆకారం పుట్టింది ఈ ఖాళీని తగ్గించడానికే. చాపలా దీర్ఘచతురస్రంగా ఉండేవి కాళ్లు చాచుకోవడానికి హాయిగా ఉంటాయి కానీ గట్టి చలికి పనికిరావు.

లేబుల్ మీద మూడు అంకెలు, మూడు అర్థాలు

ఐరోపాలో 2002లో ఈఎన్ 13537 అనే ప్రమాణం వచ్చింది. తర్వాత అదే ఐఎస్ఓ 23537 అనే అంతర్జాతీయ ప్రమాణమైంది. పద్ధతి ఇదీ: మనిషంత బొమ్మ, దాని ఒంట్లో హీటర్లు, సెన్సర్లు. దానికి పలుచటి నిండు బట్టలు, మేజోళ్లు తొడిగి, బ్యాగ్‌లో పెట్టి, మ్యాట్ మీద పడుకోబెట్టి చల్లటి గదిలో ఉంచుతారు. బొమ్మ ఒంటిని వెచ్చగా నిలపడానికి ఎంత విద్యుత్తు ఖర్చయిందో కొలుస్తారు. దాన్నిబట్టి బ్యాగ్ చలినెంత ఆపుతుందో లెక్కగట్టి అంకెలు ఇస్తారు.

మొదటిది కంఫర్ట్. 25 ఏళ్లు, 1.60 మీటర్ల ఎత్తు, 60 కిలోల బరువున్న మహిళను ప్రామాణికంగా తీసుకుని, ఆమె ఒళ్లు వదులుగా వాల్చి చలి లేకుండా పడుకోగల ఉష్ణోగ్రత ఇది. రెండోది లిమిట్. 25 ఏళ్లు, 1.73 మీటర్లు, 73 కిలోల పురుషుడు మోకాళ్లు ముడుచుకుని, వణుకు మొదలవకుండా ఎలాగో నెట్టుకురాగల హద్దు. మూడోది ఎక్స్‌ట్రీమ్. దీన్ని నిద్ర కోసం చూడకూడదు. ప్రామాణిక మహిళ ఆరు గంటలు ప్రాణంతో బయటపడగల అంచు అది. ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోయే హైపోథర్మియా ముప్పు అక్కడ ఉంటుంది.

ఒక ఉదాహరణ. ఒక బ్యాగ్‌కు కంఫర్ట్ 0, లిమిట్ మైనస్ 6, ఎక్స్‌ట్రీమ్ మైనస్ 23 వచ్చాయనుకుందాం. సరిగ్గా చెప్పే కంపెనీ మూడింటినీ అచ్చు వేస్తుంది. ఇంకొకరు పెద్ద అక్షరాలతో మైనస్ 6 అని మాత్రమే వేస్తారు. మరొకరు మైనస్ 23 అంటారు. మూడూ ఒకే బ్యాగ్. ఇక ఏ పరీక్షా చేయకుండా తోచిన అంకె వేసేవాళ్లు వేరే. మొదట్లో చెప్పిన వెయ్యి రూపాయల మైనస్ 5 చాలాసార్లు ఈ కోవలోదే. ఎవరి మైనస్ 5 అది, కంఫర్టా లిమిటా అన్నది లేబుల్ మీద ఉండదు. దుకాణంలో చూస్తే బ్యాగ్ లోపల జిప్పు కుట్టు వెంట చిన్న తెల్ల గుడ్డముక్క ఉంటుంది. పరీక్ష చేయించిన వాటికి ప్రమాణం పేరు, ఆ అంకెలు దాని మీదో, సంచీ మీదో ఉంటాయి. అవేవీ లేకుండా సంచీ మీద ఒక్క అంకె, పక్కన మంచుకొండ బొమ్మ మాత్రమే ఉంటే దాన్ని అలంకారం కిందే లెక్కేసుకోవాలి.

ఈ ప్రమాణం మీద కూడా వాదనలున్నాయి. బొమ్మకు చెమట పట్టదు, పక్కకు దొర్లదు, ఖాళీ కడుపుతో పడుకోదు, కాబట్టి గది లెక్క కొండ మీద నిలవదని అనుభవం ఉన్న ట్రెక్కర్లు అంటారు. అది నిజమే. కానీ ఒకే గదిలో ఒకే బొమ్మతో కొలవడం వల్ల రెండు బ్యాగులను పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. ఆ మేలు చిన్నది కాదు. ఆ అంకెను హామీగా కాక కొలబద్దగా చూస్తే ఇద్దరి మాటా చెల్లుతుంది. చిన్నపిల్లల బ్యాగులకు ఈ లెక్క వర్తించదు, పెద్దల ఒంటి కొలతలతో కట్టిన లెక్క అది. పెద్దల బ్యాగ్‌లో పిల్లల్ని పడుకోబెడితే పాదాల కింద పెద్ద ఖాళీ మిగులుతుంది. ఆ కొసను మడిచి కట్టేయడం మంచిది.

ఇంకో సంగతి మన ఊరిది. మే నెలలో 40 దాటే ఎండలకు అలవాటైన ఒళ్లు మనది. ఏసీ 26లో పెట్టినా దుప్పటి లాక్కునేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. అలాంటివాళ్లు, ఆడవాళ్లయినా మగవాళ్లయినా, లిమిట్ అంకెను పక్కనపెట్టి కంఫర్ట్‌నే చూసుకోవాలి. దాని మీద ఇంకో నాలుగైదు డిగ్రీల వెసులుబాటు ఉంచుకుంటే టెన్షన్ ఉండదు.

మన కొండలకు ఎంత చలి బ్యాగ్ కావాలి

ఎత్తు పెరిగేకొద్దీ, సగటున ప్రతి 1,000 మీటర్లకు దాదాపు 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంది. తిరుమల సుమారు 850, మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ సుమారు 1,265 మీటర్లు. జనవరిలో ఒక రాత్రి తిరుపతిలో 18 డిగ్రీలుందనుకుందాం. తిరుమలకు 700 మీటర్ల తేడా, అంటే నాలుగున్నర డిగ్రీలు తక్కువ, 13 చుట్టుపక్కల. హార్స్‌లీ హిల్స్‌కు 1,100 మీటర్ల తేడా, అంటే 7 డిగ్రీలు తక్కువ, సుమారు 11. కొండ కొమ్మున గాలి తోడైతే ఇంకా తక్కువనిపిస్తుంది.

ఈ లెక్క ఎప్పుడూ కచ్చితంగా నడవదు. మబ్బు లేని, గాలి ఆడని రాత్రుల్లో చల్లటి గాలి బరువెక్కి లోయల్లోకి జారుతుంది. అప్పుడు కొండ మీద కంటే కోనలోనే చలి ఎక్కువ. వాగు పక్కన, పల్లపు చోట టెంట్ వేసినవాళ్లకు తెల్లవారుజామున వణుకు పుట్టడానికి ఇదొక కారణం.

ఎలా చూసినా మన చుట్టుపక్కల కొండలకు కంఫర్ట్ 5 నుంచి 10 డిగ్రీల బ్యాగ్ దండిగా సరిపోతుంది. సున్నా కంటే కిందికి రేట్ చేసిన బ్యాగ్ తీసుకెళ్తే చెమట పట్టి, జిప్పు తీసి, ఆ తడితో మళ్లీ చలి తెచ్చుకోవడమే అవుతుంది. మనకు అసలు శత్రువు చలి కంటే తేమ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, జలపాతాల దగ్గర తుంపర, తెల్లారేసరికి టెంట్ లోపలి గోడలకు పట్టే నీళ్లు, అన్నీ కలిసొస్తాయి.

ఇక్కడ ఒక మాట పక్కకు జరిగైనా చెప్పాలి. శేషాచలం అడవిలో చాలా భాగం శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం పరిధిలోది. ఎర్రచందనం దొంగరవాణా వల్ల నిఘా కూడా గట్టిది, పైగా ఏనుగులు, చిరుతలు తిరిగే చోటు. అటవీశాఖ అనుమతి లేకుండా లోపల రాత్రి ఉండకూడదు. బ్యాగ్ కొనేముందు ఉండే చోటు ఖాయమవ్వాలి.

ఉత్తరాఖండ్ సంగతి వేరు. కేదార్‌కాంఠ శిఖరం సుమారు 3,800 మీటర్లు. డిసెంబరు, జనవరిల్లో క్యాంపుల్లో రాత్రి ఉష్ణోగ్రత సున్నా కంటే బాగా కిందికి, కొన్ని రోజులు మైనస్ 10 దాకా పోతుంది. అక్కడికి కంఫర్ట్ మైనస్ 5 నుంచి మైనస్ 10 కావాలి. కానీ అదే బ్యాగ్ తిరుపతికి తిరిగొచ్చాక ఏడాదంతా అల్మరాలో కూర్చుంటుంది. ట్రెక్ నడిపే సంస్థలు చాలావరకు బ్యాగ్ తామే ఇస్తాయి, బేస్ క్యాంప్ ఊళ్లలో అద్దెకూ దొరుకుతాయి. అద్దె బ్యాగులు ఎందరో వాడినవని, శుభ్రత ఎలా ఉంటుందోనని వెనకాడేవాళ్లున్నారు. ఆ భయం అర్థంలేనిది కాదు. లోపల వేసుకునే లైనర్, అంటే పలుచటి సంచీ లాంటి దుప్పటి, సొంతంగా తీసుకెళ్తే ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. ఏడాదికోసారి మంచుకు వెళ్లేవారికి అద్దె, మన కొండలకు తరచూ వెళ్లేవారికి సొంతంగా ఒక తేలికపాటి బ్యాగ్. నా లెక్కలో ఇదే సబబు.

డౌనా, సింథటిక్కా

డౌన్ అంటే బాతు, పెద్దబాతు రొమ్ము దగ్గర గట్టి ఈకల అడుగున ఉండే మెత్తటి నూగు. దీని నాణ్యతను ఫిల్ పవర్ అనే అంకెతో చెబుతారు: ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల డౌన్ ఎన్ని ఘనపు అంగుళాల చోటుకు పొంగుతుందో ఆ అంకె. ఏకిన దూది పొంగినట్టే ఇదీ, కొంచెం సరుకు ఎక్కువ చోటు నింపితే అది మేలురకం. 600 ఫిల్ పవర్ డౌన్ ఒక ఔన్సు దాదాపు 9.8 లీటర్ల చోటు నింపుతుంది, 800 ఫిల్ పవర్ దాదాపు 13.1 లీటర్లు.

అందరూ పొరబడేది ఇక్కడే. 800 అని ఉంది కాబట్టి 600 కంటే వెచ్చన అనుకుంటారు. లోపల ఎన్ని గ్రాములు నింపారో చూడకపోతే ఆ అంకెకు అర్థం లేదు. ఒకే కొలతల్లో రెండు బ్యాగులు తీసుకుందాం. మొదటిదాంట్లో 600 ఫిల్ పవర్ డౌన్ 500 గ్రాములు: 500ను 28.35తో భాగిస్తే 17.6 ఔన్సులు, ఒక్కోటి 9.8 లీటర్ల చొప్పున దాదాపు 173 లీటర్ల ఉబ్బు. రెండోదాంట్లో 800 ఫిల్ పవర్ డౌన్ 350 గ్రాములు: 12.3 ఔన్సులు, ఒక్కోటి 13.1 చొప్పున దాదాపు 162 లీటర్లు. వెచ్చదనంలో మొదటిదే ఓ పిసరు ఎక్కువ. రెండోది 150 గ్రాములు తేలిక, ఎక్కువ డబ్బు ఆ తేలికకే.

సింథటిక్ అంటే పాలిస్టర్ పీచు. అంతే వెచ్చదనానికి ఎక్కువ బరువు, ఎక్కువ చోటు పడుతుంది. చుట్టి కుక్కిన ప్రతిసారీ పీచు కొంత నలిగి, కొన్నేళ్లకు పలచబడుతుంది. డౌన్‌ను జాగ్రత్తగా చూసుకుంటే చాలా ఏళ్లు ఉబ్బు నిలుపుకుంటుంది. అలాగైతే డౌన్‌దే గెలుపనిపిస్తుంది. కానీ నీరు తగిలితే కథ తిరగబడుతుంది. తడిసిన డౌన్ ఉండలు కట్టి చప్పబడిపోతుంది, ఆరడానికి రోజులు పడుతుంది. పాలిస్టర్ పీచు తడిని పీల్చుకోదు. పిండి దులిపితే కొంత ఉబ్బు మిగులుతుంది, త్వరగా ఆరుతుంది. నీటిని తట్టుకునేలా మందు పూసిన డౌన్ కూడా వస్తోంది. అది తేమను ఇంకొంచెం సేపు ఓర్చుకుంటుందే తప్ప వానలో తడవడానికి తయారైంది కాదు.

నవంబరు వానల్లో తలకోన, నాగలాపురం తిరిగేవారికి సింథటిక్ నిశ్చింత, ధరా తక్కువ. పొడి చలిలో రోజుల తరబడి బరువు మోసుకుంటూ నడిచేవారికి డౌన్ విలువ తెలుస్తుంది. బాతుల నుంచి తీసిన ఈక వద్దనుకునే వారికీ సింథటికే దారి. ఈకను బాధ్యతగా సేకరించారని ధ్రువీకరించే ముద్రలు కొన్ని బ్యాగుల మీద ఉంటాయి, ఆ పట్టింపు ఉన్నవారు అవి చూసుకోవచ్చు.

చలి కింది నుంచి వస్తుంది

ఖరీదైన బ్యాగ్ కొని, కింద పలుచటి ప్లాస్టిక్ పట్టా పరుచుకుని, బ్యాగ్ మోసం చేసిందని తిట్టుకునేవాళ్లు చాలామంది. వీపు కింద బ్యాగ్ మొత్తం నలిగిపోతుంది, అక్కడ ఉబ్బు ఉండదు. నేల ఆ చోటు నుంచి రాత్రంతా వేడి లాగేస్తుంది. దాన్ని ఆపేది మ్యాట్. మ్యాట్ ఎంత ఆపుతుందో ఆర్-వాల్యూ అనే అంకె చెబుతుంది, ఎంత ఎక్కువైతే అంత మంచిది. చుట్టుకునే ఫోమ్ మ్యాట్లు సాధారణంగా 1.5 నుంచి 2 మధ్య ఉంటాయి. మంచు మీదికి 4, 5 కావాలి. ఒకదాని మీద ఒకటి వేస్తే రెండు అంకెలూ కలుస్తాయి. 2 ఆర్-వాల్యూ ఫోమ్ మీద 3 ఆర్-వాల్యూ గాలి మ్యాట్ వేస్తే 5. లోపల ఏ పీచూ లేకుండా గాలి మాత్రమే నింపే పరుపులు ఎంత మందంగా ఉన్నా చలికి ఆగవు. లోపలి గాలి కదులుతూ కింది చల్లదనాన్ని పైకి మోస్తుంది.

క్విల్ట్‌కు, ఇంట్లో బొంతకు తేడా

వీపు కింద నలిగే భాగం పనికిరానప్పుడు అది ఎందుకు మోయాలన్న ఆలోచన నుంచి క్యాంపింగ్ క్విల్ట్ వచ్చింది. అడుగు భాగం, టోపీ తీసేసి, పాదాల దగ్గర సంచీలా మూసి, పైన దుప్పటిలా కప్పుకునేది. అంతే వెచ్చదనపు బ్యాగ్ కంటే తేలిక. ఉక్కపోస్తే ఒక కాలు బయటపెట్టుకోవచ్చు, పక్కకు తిరిగి పడుకునేవారికి ఊపిరాడుతుంది. మన కొండల వాతావరణానికి నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. దీన్ని ఒప్పుకోని వారి వాదనకూ బలముంది: నిద్రలో దొర్లేవారికి పక్కల నుంచి చల్లగాలి దూరుతుంది, మ్యాట్‌కు కట్టే పట్టీలు సరిగా బిగించకపోతే సగం రాత్రి దాన్ని సర్దుకోవడమే సరిపోతుంది, తలకు వేరే టోపీ కావాలి. సున్నా కంటే కిందికి పోయే చోట మమ్మీ బ్యాగే నమ్మకం.

మరి అమ్మమ్మ కుట్టిన బొంత? కారు టెంట్ దాకా వెళ్లే చోటైతే నిక్షేపంగా పట్టుకెళ్లొచ్చు. వీపున మోసుకెళ్లడానికి మాత్రం బరువు, పైగా నూలుగుడ్డ, దూది తేమను పీల్చి వదలవు. కురుబలు నేసే గొర్రెబొచ్చు కంబళిది వేరే దారి. బరువే, కానీ కాస్త తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు. మంట పక్కన కూర్చున్నప్పుడు నిప్పురవ్వ పడితే నైలాన్ కరిగి చిల్లు పడుతుంది, ఉన్ని అంత తేలిగ్గా అంటుకోదు.

తక్కువ బట్టలతో పడుకుంటేనే బ్యాగ్ వెచ్చన అనే మాట కూడా బాగా తిరుగుతుంది. అందులో నిజం ఉన్నది రెండు సందర్భాల్లోనే: ఒంటి మీదున్నవి చెమటతో తడిసినప్పుడు, లేదా లావుపాటి జాకెట్ బ్యాగ్‌ను లోపలి నుంచి నొక్కుతున్నప్పుడు. పొడిబట్టలు, మేజోళ్లు, తలకు టోపీ ఎప్పుడూ వెచ్చదనాన్ని పెంచుతాయి. బ్యాగ్‌ను పరీక్షించిన బొమ్మ కూడా బట్టలేసుకునే ఉంది. ముఖం లోపలికి పెట్టి ఊపిరి వదలడం మాత్రం మానుకోవాలి, ఆ ఆవిరి అంతా ఈకలకు పడుతుంది.

ఉతకడం కంటే ఆరబెట్టడం కష్టం

చెమట, ఒంటి జిడ్డు, కొబ్బరినూనె రాసిన జుట్టు. బ్యాగ్ మెడ దగ్గర నల్లబడేది వీటివల్లే. జిడ్డు పేరుకున్న ఈకలు ఒకదానికొకటి అంటుకుని ఉబ్బడం మానేస్తాయి. అందుకే ఉతికితే పాడవుతుందని ఏళ్ల తరబడి ఉతక్కుండా ఉంచేవారు, ప్రతి ట్రెక్ తర్వాతా ఉతికేసేవారు, ఇద్దరూ బ్యాగ్ ఆయుష్షు తగ్గిస్తారు. లైనర్ వాడితే ఏడాదికోసారి చాలు, మధ్యలో మెడ భాగాన్ని మాత్రం తడిగుడ్డతో తుడవొచ్చు.

రోజూ వాడే డిటర్జెంట్ పొడి డౌన్‌లోని సహజమైన నూనెను లాగేసి ఈకను పెళుసు చేస్తుంది. డౌన్ కోసమే అమ్మే ద్రవ సబ్బు కొంచెం వాడాలి. ఫ్యాబ్రిక్ కండిషనర్, డ్రై క్లీనింగ్ వద్దు. మధ్యలో తిరిగే కడ్డీ ఉన్న టాప్‌లోడ్ మెషీన్, ఈకలు ఒకచోటికి చేరకుండా బ్యాగ్ లోపల కుట్టిన అరల కుట్లు చింపేస్తుంది. పెద్ద ఫ్రంట్‌లోడ్ మెషీన్ ఉంటే మేలు, లేదంటే వెడల్పాటి టబ్బులో చేత్తో. మన దగ్గర చాలా ఇళ్లలో బోరు నీళ్లే, ఉప్పగా ఉన్న చోట సబ్బు త్వరగా వదలదు. నురగ పూర్తిగా పోయేదాకా నాలుగైదుసార్లైనా జాడించాలి. తడిసిన బ్యాగ్‌ను ఒక కొస పట్టుకుని ఎత్తితే నీళ్ల బరువుకు లోపలి కుట్లు పటపటా తెగుతాయి. పసిబిడ్డను ఎత్తినట్టు కింద రెండు చేతులూ వేసి ఎత్తాలి, పిండకుండా నొక్కి నీళ్లు తీయాలి.

అప్పుడు వేళ్లతో తడిమితే డౌన్ అరల మూలల్లో గోలీకాయలంత ఉండలుగా తగులుతుంది. ఇప్పుడే చాలామంది కంగారుపడతారు. ఏమీ పాడవలేదు. నీడలో, గాలి తగిలే చోట పరిచి, కొన్ని గంటలకోసారి ఆ ఉండల్ని వేళ్లతో మెల్లగా విడదీస్తూ, తట్టుతూ, తిప్పుతూ ఉంటే రెండు మూడు రోజుల్లో మళ్లీ పొంగుతుంది. డ్రయ్యర్ ఉంటే తక్కువ వేడిలో రెండు మూడు టెన్నిస్ బంతులతో కలిపి తిప్పితే ఆ పని అదే చేస్తుంది. పైకి పొడిగా అనిపించినా చిన్న ఉండ ఒక్కటి మిగిలినా లోపల తడి ఉన్నట్టే. అలా మడిచిపెడితే ముక్క వాసన ఖాయం. అందుకే మన వాతావరణంలో ఈ ఉతుకుడు ఫిబ్రవరి, మార్చిల్లో పెట్టుకోవాలి. నవంబరు ముసురులో మొదలుపెడితే వారమైనా ఆరదు. మే ఎండ కూడా మంచిది కాదు, నేరుగా రోజంతా తగిలితే నైలాన్ బలం తగ్గుతుంది. ఇస్త్రీ పెట్టె మాత్రం దగ్గరికి రానివ్వకూడదు.

కొన్నప్పుడు వచ్చే చిన్న సంచీ ప్రయాణానికే. ఇంట్లో బ్యాగ్‌ను పెద్ద నూలు సంచీలో, పాత దిండుగలీబు లాంటిదైనా సరే, వదులుగా వేయాలి, లేదా అల్మరాలో వేలాడదీయాలి. ప్లాస్టిక్ కవర్ వద్దు, తేమ లోపలే ఉండిపోతుంది. కలరా ఉండలు కూడా వద్దు, ఆ ఘాటు ఈకల్లో నెలల తరబడి ఉండి రాత్రంతా ముక్కు పక్కనే ఉంటుంది. ట్రెక్ నుంచి రాగానే ఎంత అలసిపోయినా బ్యాగ్‌ను సంచీలోంచి తీసి ఫ్యాన్ కింద ఒక పూట పరచాలి. పడుకున్నప్పుడు మన ఒళ్లు, ఊపిరి వదిలిన తేమ రాత్రికి గ్లాసెడు దాకా ఉంటుంది, అందులో కొంత బ్యాగ్‌లోనే ఉండిపోతుంది.

పాతబడిన బ్యాగ్ ఇంకా పనికొస్తుందా అన్నది అంకెతో తేల్చుకోవచ్చు. కొత్తలోనే సంచీలోంచి తీసి, దులిపి, గంటసేపు వదిలేసి, ఛాతీ వచ్చే చోట స్కేలుతో మందం కొలిచి లోపలి గుడ్డముక్క మీద పెన్నుతో రాసుకోవాలి. ప్రతి ఏడూ ఉతికి ఆరాక అలాగే కొలవాలి. 12 సెంటీమీటర్లు ఉన్నది 11కి వస్తే పర్వాలేదు. ఉతికినా 8 దాటకపోతే దాని మీద ముద్రించిన డిగ్రీలు ఇక దానివి కావు. అప్పుడది హిమాలయాలకు కాదు, హార్స్‌లీ హిల్స్‌కు. అక్కడికీ చాలని రోజున జిప్పు పూర్తిగా తీసి, కారు ప్రయాణాల్లో కింద పరుచుకోవచ్చు.